రబ్బరు కాలిన వాసన

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దల మాట. మోటారు బండి విషయమున పొగకు ముందు వచ్చునది వాసన. కూరగాయలు, పాలు, ఇటుకలు, కోళ్ళదాణా మోయు పికప్ బండి నేడు అనేక కుటుంబములకు కూడు పెట్టుచున్నది. అట్టి బండి నడుచుచుండగా రబ్బరు కాలిన వాసన వచ్చినచో దానిని ఉపేక్షించుట తగదు. ఆ వాసన ఒకప్పుడు సులభముగా మార్చదగిన బెల్టుది కావచ్చును. ఒకప్పుడు కనుమదారిలో ప్రాణముల మీదికి తెచ్చు బ్రేకుది కావచ్చును. ఏది యేదో గుర్తించు మార్గమును శ్రోతలకు మనవి చేయుదుము.

మొదట బండిని రోడ్డు వారగా, చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, చక్రములకు రాళ్ళు అడ్డు వేయవలెను. పొగ గాని మంట గాని కనిపించినచో అందరును దిగి దూరముగా పోవలెను. లోపల మంట ఉన్నదని తోచినప్పుడు బానెట్టు తెరువరాదు. గాలి తగిలిన కొలది మంట పెరుగును.

తరువాత తేల్చవలసినది, అది నిజముగా రబ్బరు వాసనయా, కరగిన ప్లాస్టిక్కు వాసనయా అనునది. ఘాటుగా ముక్కుకు కొట్టు ప్లాస్టిక్కు వాసన వైర్లది. అప్పుడు బ్యాటరీ నెగటివు తీగను విప్పి, మెకానిక్కును పిలువవలెను. పోయిన ఫ్యూజునకు బదులు లావు ఫ్యూజు గాని, రాగి తీగ గాని వేయుట బండిని అగ్గిపాలు చేయుటయే.

రబ్బరు వాసనయే అయినచో అది ఎక్కడ, ఎప్పుడు, ఏ చప్పుడుతో వచ్చినదో గమనించవలెను.

బానెట్టు క్రింద నుండి వచ్చుచు, ఇంజను స్టార్టు చేయగానే కీచుమను శబ్దము వినిపించినచో బెల్టును అనుమానింపవచ్చును. చాలా బండ్లలో డైనమోను, నీళ్ళ పంపును త్రిప్పునది ఈ బెల్టే. అది వదులై జారినచో ఒరిపిడికి కాలి, లోపలి వైపు అద్దమువలె మెరయును. అంచులు పీచులు లేచును. క్రొత్త బెల్టు వేసిన మాత్రమున పని ముగియదు. ఇంజను ఆపి, బెల్టు తీసి, ఒక్కొక్క పుల్లీని చేతితో త్రిప్పి చూడవలెను. బిగుసుకొన్న బేరింగు ఉన్నచో క్రొత్త బెల్టు కూడ అట్లే కాలిపోవును. ఇంజను తిరుగుచుండగా కండువాతో, పైటతో, వ్రేలాడు చేతులతో అచ్చటికి వంగరాదు.

ఎత్తు ఎక్కునప్పుడు, బరువుతో బండిని కదల్చునప్పుడు వాసన వచ్చి, ఇంజను రొద పెరిగియు వేగము పెరుగనిచో దోషము క్లచ్చుది. పెడలుపై ఎల్లప్పుడు కాలు ఆనించి ఉంచుట, సగము క్లచ్చుతో బండిని ఎత్తులో నిలుపుట దీనికి ముఖ్య కారణములు. పెడలు ఆట సరిచూచుకొనవలెను. ప్లేటు అరిగినచో మార్చవలెను. ప్లేటుకు నూనె అంటినచో ముందు ఆ నూనె ఎక్కడ నుండి కారుచున్నదో కనుగొనవలెను.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది బ్రేకుల విషయమున. వాసన చక్రము వద్ద వచ్చునప్పుడు చేతిని తగిలించక, అరచేతిని రెండంగుళముల దూరమున ఉంచి నాలుగు చక్రములను పోల్చవలెను. ఒక్కటే మిక్కిలి వేడిగా ఉన్నచో అచ్చట బ్రేకు పట్టి వదలుట లేదని అర్థము. దానిపై నీళ్ళు పోయరాదు, డ్రమ్ము పగులవచ్చును. చల్లారిన పిదప షెడ్డులో జాకీపై ఎత్తి చక్రమును త్రిప్పి చూతురు. అది తిరుగనిచో గాలి తీయు నిపిలును కొంచెము వదులు చేయుదురు. అంతటితో చక్రము తిరిగినచో ఒత్తిడి లోపలనే నిలిచినదని, గొట్టము లోన ఉబ్బియుండ వచ్చునని తెలియును. అప్పటికిని తిరుగనిచో సిలిండరు గాని, చేతిబ్రేకు కేబులు గాని బిగుసుకొన్నదని తెలియును.

నాలుగు చక్రములును వేడెక్కినచో దోషము సాధారణముగా నడపుటలో ఉండును. మదనపల్లె నుండి టమాటా పెట్టెలతో భాకరాపేట కనుమ దిగి తిరుపతికి పోవు బండిని ఊహింపుడు. ఏ గేరులో ఎక్కవలసిన దారియో ఆ గేరులోనే దిగవలెను. డీజిలు మిగులునని న్యూట్రలులో దింపినచో భారమంతయు బ్రేకులపై పడును. అవి కాలి పట్టు తప్పును. బ్రేకు ఆయిలు పాతదై తేమ పీల్చియున్నచో మరిగి ఆవిరి యగును. అప్పుడు పెడలు నేలకు తగులును గాని బండి ఆగదు. వాసన వచ్చుటయే తుది హెచ్చరిక.

ఇక, అధిక భారమునకు కమాను కట్టలు క్రుంగి టైరు పైరేకుకు ఒరయుట, గాలి తగ్గి టైరు వేడెక్కుట, సైలెన్సరుకు ప్లాస్టిక్కు సంచి గాని గోనెపట్టా గాని అంటుకొనుట కూడ కలవు. వంగి చూచిన కంటికే తెలియును.

ఇన్ని చెప్పినను ఒక మాట మిగిలియున్నది. వాసన మొదట సోకునది డ్రైవరు ముక్కుకు; బండి ఆపించు అధికారము మాత్రము తరచుగా యజమానిది. "ఈ ట్రిప్పు కానిమ్ము, రేపు చూతము" అను మాట మన షెడ్లలో విననిది కాదు. సరుకు ఆలస్యమైన నష్టమును మరునాటి బేరములో పూడ్చుకొనవచ్చును. కనుమలో బ్రేకు తప్పిన ఇంటి నష్టమును ఏ బేరమును పూడ్చలేదు. కావున డ్రైవరు "వాసన వచ్చుచున్నది" అని ఫోనులో చెప్పినప్పుడు, యజమానులు "ఆపి చూడుము" అని బదులు చెప్పుదురు గాక.