చట్టం కాకముందే చదవాలి



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ ఏటా జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా పౌరశాస్త్రం చెప్పారు. బిల్లు చట్టంగా ఎలా మారుతుందన్న పాఠాన్ని పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా ఆయన ఎన్నడూ చూడలేదు. అందుకే నాకిచ్చిన ఈ గంటను ఆ పాఠానికే వెచ్చిస్తాను. పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు చట్టమయ్యే లోపు పౌరులకు కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి ఏటికేడు కుదించుకుపోతోంది. దాన్ని కాపాడుకోవాలని చెప్పడానికే వచ్చాను.

మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటికీ తెలిసిన బిల్లు ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి 2013 డిసెంబరులో దాన్ని శాసనసభ అభిప్రాయం కోసం పంపారు. 2014 జనవరి 30న సభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో ప్రవేశపెట్టారు, 18న అక్కడ, 20న రాజ్యసభలో ఆమోదించారు. మార్చి 1న రాష్ట్రపతి సంతకం అయింది. లోక్‌సభ ఆమోదించిన రోజున ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి, తమ రాష్ట్రం భవితవ్యం తేలే ఘడియను కోట్ల మంది తెలుగువాళ్లు చూడలేకపోయారు.

తెలంగాణ కోరిక న్యాయమైనదని, దశాబ్దాల పోరాటంతో సాధించుకున్నదని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నా బాధ రాష్ట్రం ఏర్పడినందుకు కాదు. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఉన్న బిల్లును ఏ పార్లమెంటరీ స్థాయీ సంఘమూ (స్టాండింగ్ కమిటీ) క్లాజు క్లాజుగా పరిశీలించకుండానే లోక్‌సభ ఐదు రోజుల్లో గట్టెక్కించింది. ఫలితం ఇరుపక్కలా అనుభవించాం. 13వ షెడ్యూలు తీసి చదవండి. కడప, ఖమ్మం జిల్లాల్లో ఉక్కు కర్మాగారాలు పెట్టే వీలుందో లేదో ఆరు నెలల్లో పరిశీలించాలని ఉంది. తెలంగాణలో రైలు పెట్టెల కర్మాగారం సంగతీ అంతే. పెట్టి తీరాలని ఎక్కడా లేదు. పరిశీలించి కుదరదంటే ఏం చేయాలో లేదు. ప్రత్యేక హోదా అయితే బిల్లులోకే ఎక్కలేదు; అది ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని ఇచ్చిన నోటిమాట. తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల పంపకం తగవులు, ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న తీరిపోయాక కూడా తెగలేదు.

ఈ పని ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేయకపోతే ఏమిటి? ఈ మూడు ప్రశ్నలూ అడిగే చోటు పార్లమెంటులో ఒకటుంది. 1993లో 17 శాఖా సంబంధ స్థాయీ సంఘాలను ఏర్పాటు చేశారు. 2004లో వాటిని 24కి పెంచారు. ఒక్కో సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. ఆ గదిలో కెమెరా ఉండదు. అంతకంటే ముఖ్యం, విప్ ఉండదు. 1985లో ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగ సవరణ వచ్చాక, సభలో పార్టీ విప్‌కు ఎదురు ఓటేసిన సభ్యుడి పదవికే ముప్పు. సంఘం గదిలో ఆ భయం లేదు కాబట్టి అధికార పక్ష సభ్యుడు కూడా సంబంధిత మంత్రిత్వ శాఖ కార్యదర్శిని గట్టిగా నిలదీయగలడు. బయటి నిపుణులను, సంస్థలను పిలిపించి వినవచ్చు. మామూలు పౌరుడు ఉత్తరం రాయవచ్చు. నివేదికను ప్రభుత్వం పాటించి తీరాలన్న నిబంధన లేదు గానీ, రాతపూర్వకంగా ఉన్న అభ్యంతరాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

సమాచార హక్కు బిల్లును చూడండి. 2004 డిసెంబరులో ప్రవేశపెట్టినప్పుడు అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకే పరిమితం. అలాగే ఆమోదిస్తే మన తహసీల్దారు కార్యాలయం, గ్రామ పంచాయతీ, జిల్లా ఆసుపత్రి ఆ చట్టం పరిధిలోకే వచ్చేవి కావు. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. ఏళ్ల తరబడి ఉద్యమించినవాళ్లు అక్కడ తమ వాదన వినిపించారు. 2005 మేలో ఉభయసభలూ ఆమోదించే నాటికి బిల్లుకు వందకు పైగా సవరణలు జరిగి, రాష్ట్రాలు కూడా దాని కిందికి వచ్చాయి. రేషన్ కార్డు ఎందుకు రాలేదని పల్లెలో ఒక ముసలమ్మ దరఖాస్తు పెట్టగలుగుతోందంటే ఆ అయిదు నెలల పరిశీలన పుణ్యమే.

ఇక సంఘాన్ని దాటవేసే రెండో దారి. 2020 జూన్‌లో మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు వచ్చాయి. సెప్టెంబరు 14న వాటి బిల్లులు లోక్‌సభకు చేరాయి, అదే వారంలో ఆమోదం పొందాయి. 20వ తేదీన రాజ్యసభలో రెండు బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపాలని, ఓట్లు లెక్కించాలని ప్రతిపక్షాలు అడిగాయి. గందరగోళం నడుమ మూజువాణి ఓటుతో ఆమోదమైనట్లు ప్రకటించారు. కొత్త మార్కెట్ విధానంలో మంచి లేకపోలేదని వాదించే ఆర్థికవేత్తలున్నారు. సంఘం ముందు ఆ వాదన నిలబడేదో కూలిపోయేదో తేలేది. గదిలో జరగాల్సిన చర్చ ఢిల్లీ సరిహద్దుల్లో, రైతుల ఆందోళనగా, చలిలో, ఏడాదికి పైగా జరిగింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాల అమలును ఆపింది. నవంబరు 29న రద్దు బిల్లును ఉభయసభలూ ఒక్కరోజులో ఆమోదించాయి, అదీ చర్చ లేకుండానే. వచ్చినప్పుడూ వినలేదు, పోయినప్పుడూ వినలేదు. రైతుకు ఇంతకంటే అవమానం ఏముంటుంది?

కమిటీలకు పంపితే తాత్సారం అవుతుందన్న మాట తరచు వింటాం. మహిళా రిజర్వేషన్ బిల్లు దీనికి సరైన జవాబు. 1996 సెప్టెంబరు 12న దాన్ని ప్రవేశపెట్టారు. గీతా ముఖర్జీ అధ్యక్షతన సంయుక్త కమిటీ డిసెంబరు 9కల్లా నివేదిక ఇచ్చేసింది, అంటే మూడు నెలల లోపే. ఆ తర్వాత 27 ఏళ్లు తొక్కిపట్టింది పార్టీలు. చివరికి 2023లో ఏ కమిటీకీ పంపకుండా కొద్దిరోజుల్లో ఆమోదించారు. అమలును మాత్రం జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు.

చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ లెక్కల ప్రకారం పదిహేనో లోక్‌సభ కాలంలో నూటికి 71 బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లాయి. పదిహేడో లోక్‌సభలో ఆ సంఖ్య 16. ఈ పతనాన్ని ఏ ఒక్క పార్టీ ఖాతాలోనో వేసి ఊరుకోలేను. పునర్వ్యవస్థీకరణ బిల్లును ఉరుకులు పరుగులతో తెచ్చింది ఒక ప్రభుత్వం, వ్యవసాయ బిల్లులను తెచ్చింది మరొకటి. బిల్లును కమిటీకి పంపాలో లేదో ఇప్పటి పద్ధతిలో సభాధ్యక్షుల, ప్రభుత్వ ఇష్టానికే వదిలేశాం. అదే అసలు లోపం.

కమిటీకి వెళ్లిన బిల్లు కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది నేరుగా మన గడప తొక్కేది. రాజ్యాంగ 129వ సవరణ బిల్లు, జనం నోట జమిలి ఎన్నికల బిల్లు, అంటే లోక్‌సభకు, శాసనసభలకు ఒకేసారి ఎన్నికలు జరపాలన్నది. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టి, 39 మంది సభ్యుల సంయుక్త కమిటీకి పంపారు. దాని కొత్త 82ఎ అధికరణం ప్రకారం, సార్వత్రిక ఎన్నికల తర్వాత లోక్‌సభ తొలిసారి కొలువుదీరిన రోజును రాష్ట్రపతి నియమిత తేదీగా ప్రకటించవచ్చు. ఆ తేదీ తర్వాత జరిగే ఎన్నికలతో ఏర్పడే శాసనసభలన్నీ ఆ లోక్‌సభ గడువుతోనే ముగుస్తాయి. ఆంధ్రప్రదేశ్ ఇప్పటికే లోక్‌సభతో పాటే ఓటేస్తోంది కనుక పెద్ద తేడా కనిపించదు. తెలంగాణ 2018లో ముందస్తు ఎన్నికలకు వెళ్లి ఆ వరుస నుంచి విడిపోయింది. బిల్లు ఇలాగే చట్టమై, 2029లో ఆ తేదీని ప్రకటించి, సభలన్నీ పూర్తికాలం నడిచాయనుకుందాం. తెలంగాణలో 2033 చివర ఎన్నికయ్యే శాసనసభకు ఆయుష్షు ఇంచుమించు ఆరు నెలలే. మధ్యలో సభ రద్దయితే, కొత్తగా ఎన్నికైనవాళ్లకు మిగిలిన కాలమే దక్కుతుంది. ఖర్చు తగ్గుతుందన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. కానీ అయిదేళ్ల కోసం వేసిన ఓటు ఆరు నెలలకు కుదించుకుపోవడం నాకు సమ్మతం కాదు. ఈ లెక్క మన టీవీ చర్చల్లో ఎంతమంది విన్నారు? జమిలి ఎన్నికలపై రామ్‌నాథ్ కోవింద్ కమిటీ ఇచ్చిన నివేదిక 18,626 పేజీలు. దానికి తెలుగు రైతుకో, తెలుగు విద్యార్థికో అర్థమయ్యే పది పేజీల సారాంశం తెలుగులో ఊరూరా చేరి ఉంటే ఎంత బాగుండేది!

భాష సంగతి చిన్నది కాదు. హిందూ కోడ్ ముసాయిదాను బి.ఎన్. రావు కమిటీ 1940లలోనే, బ్రిటిష్ పాలనలో, ప్రాంతీయ భాషల్లోకి అనువదింపజేసి, మద్రాసుతో సహా నగరాలు తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లో వస్తే, ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. 2014 ఫిబ్రవరిలో కేంద్రమే ఒక విధానం ప్రకటించుకుంది: బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి, సరళమైన వివరణ జతచేయాలి. అది చట్టబద్ధం కాదు కనుక పాటించకపోయినా అడిగేవారు లేరు. దాన్ని చట్టబద్ధం చేయాలి. ప్రతి ప్రభుత్వ బిల్లూ స్థాయీ సంఘానికి వెళ్లి తీరాలని సభా నియమాల్లో రాయాలి. అత్యవసరమైతే మినహాయింపు కోరే మంత్రి కారణాన్ని సభ ముందు రాతలో పెట్టాలి. ముసాయిదా వెలువడిన రోజే తెలుగులోనూ వెలువడాలి.

మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. రోడ్డు కావాలని, పింఛను కావాలని మనం వారి ఇంటికి వెళ్తాం. బిల్లు చేతబట్టుకుని వెళ్లినవాళ్లు ఎందరు? కమిటీలు అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటనలు ఇస్తాయి. వాటిని కళాశాలల్లో, గ్రంథాలయాల్లో, బార్ అసోసియేషన్లలో అంటించండి. పది మంది కూర్చుని ఒక్క బిల్లును క్లాజు క్లాజుగా చదివి, అభ్యంతరం ఉంటే తెలుగులోనే రాసి పంపండి. వచ్చే సమావేశాలు మొదలయ్యేలోగా మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి: ఈసారి సభకు వచ్చే బిల్లుల్లో వేటిని కమిటీకి పంపమని మీరు అడగబోతున్నారు? రాతపూర్వకంగా జవాబు కోరండి.