రీసేల్ ఎంతొస్తుంది?
(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమ్మేళనంలో ఏటా ఎవరో ఒకరు పొదుపు గురించో, రిటైర్మెంట్ ప్రణాళిక గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి ఆ పని నాకు అప్పగించారు. స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు రీసేల్ విలువ చూడాలా, నడిపే సంతోషం చూడాలా అన్న విషయం మీద మాట్లాడతానన్నాను. నిర్వాహకులు ఒక్క క్షణం ఆగి, "మన జీతాలకా సార్?" అన్నారు. నిజమే, కోటిన్నర పెట్టి కారు కొనేవాళ్లం ఈ హాల్లో ఎవరమూ లేము. కానీ కొనేవాళ్లకు లోను ఇచ్చేది మనమే, సలహా చెప్పేదీ మనమే. అలా నేను ఒకరికి చెప్పిన సలహా ఒకటుంది. దాని గురించే ఈ ప్రసంగం.

మన ఇళ్లలో కారు మాట రాగానే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" రెండో ప్రశ్న "రీసేల్ ఎంతొస్తుంది?" బండి ఇంకా షోరూం గేటు దాటదు, అమ్మేటప్పటి లెక్క మొదలవుతుంది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు రెండేళ్లయినా తీయని ఇళ్లు నాకు తెలుసు. అందులో మా ఇల్లూ ఒకటి.

కొన్నేళ్ల క్రితం నేను విజయవాడలో ఒక శాఖలో లోన్లు చూసేవాణ్ణి. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల వ్యాపారం చేసే ఖాతాదారు ఒకాయన ఉండేవారు. యాభై అయిదు దాటిన మనిషి. చిన్నతనంలోనే షెడ్డులో పనికి చేరి, మేస్త్రీకి పానాలు అందిస్తూ పైకొచ్చారు. ఆ షెడ్డు గోడ మీద ఒక క్యాలెండరు, దాని మీద రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు బొమ్మ ఉండేదట. సంవత్సరం మారినా ఆ క్యాలెండరు తీయనివ్వలేదట. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయ్యాక, అప్పులన్నీ తీరాక అలాంటి కారు కొనాలని మా దగ్గరకు వచ్చారు. "తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి మేనేజరు గారూ. హైవే మీద ఒంగోలు దాకా వెళ్లి, అక్కడ టిఫిన్ చేసి వెనక్కి రావాలి. అంతకంటే నాకేం కోరిక లేదు" అన్నారు.

నేనేమో ఎంబీఏ చదివినవాణ్ణి. ఆయన అడక్కపోయినా ఎక్సెల్ షీటు తీశాను. ఎరుపు వద్దు సార్, తెలుపైతే తొందరగా అమ్ముడుపోతుంది అన్నాను. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు దాటనివ్వకండి, నాలుగేళ్లకు అమ్మేయండి అన్నాను. చదువుకున్నవాళ్ల మాటంటే ఆయనకు గౌరవం. తెల్ల కారే కొన్నారు.

ఈలోగా నాకు బదిలీ అయింది. నాలుగేళ్ల తర్వాత వేరే పని మీద ఆ శాఖకు వెళితే ఆయన కనిపించారు. లోను తీర్చేసి, కారు అమ్మడానికి ఎన్‌ఓసీ, 35వ నంబరు ఫారం తీసుకుంటున్నారు. నడుముకు ఆపరేషన్ అయిందట. ఆ కార్లలో సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. కూర్చుంటే లేవలేకపోతున్నానన్నారు.

"రేటు మాత్రం మీరు చెప్పినట్టే వచ్చింది మేనేజరు గారూ. ఆరు వేల కిలోమీటర్లేగా తిరిగింది, కొత్త బండిలా ఉందన్నారు."

"ఒంగోలు వెళ్లొచ్చారా సార్?" అని అడిగాను.

"ఒకసారి బయల్దేరాను. మీటరు చూసుకుంటూ వెళ్లి, చిలకలూరిపేట దగ్గర వెనక్కి తిప్పేశాను" అన్నారు. తర్వాత నవ్వుతూ, "కొన్న కుర్రాడు దానికి ఎర్ర ర్యాప్ వేయిస్తాడట" అన్నారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పైగా టీ ఇప్పించారు. ఇంటికెళ్లాక ఆ పాత ఎక్సెల్ షీటు తెరిచి చూశాను. కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన కారు ఎందుకు కొంటున్నారో రాసుకోవడానికి మాత్రం అందులో ఒక్క గడి కూడా లేదు.

అప్పుడు లెక్క మళ్లీ వేశాను. ఆ లెక్క మీకూ చెబుతాను. పిల్లలు కావాలంటే ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి.

ఖరీదైన కారు ధర ఎందుకు అంత వేగంగా పడిపోతుంది? మొదటి కారణం పన్నులు. దిగుమతి సుంకం, జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిసి ధరలో పెద్ద భాగం. సచిన్ టెండూల్కర్‌కు 2002లో బహుమతిగా వచ్చిన ఫెరారీ గుర్తుందా? దాని సుంకం మాఫీ మీద దేశమంతా చర్చ జరిగింది. కోటి రూపాయలు దాటిన ఆ సుంకాన్ని చివరికి కారు కంపెనీయే కట్టింది. రెండో కారణం, ఇలాంటి బండి కొనేవాళ్లు తక్కువ, సర్వీసు దొరికే ఊళ్లు ఇంకా తక్కువ. మూడోది వయసు. ఇన్సూరెన్సువాళ్లు బండి విలువ కట్టే పట్టిక చూడండి. షోరూం ధర మీద ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50 శాతం తరుగు. ఈ పట్టికలో కిలోమీటర్ల ఊసే లేదు. మార్కెట్ రేటులో కిలోమీటర్లకూ లెక్క ఉంటుంది, కాదనను. కానీ పెద్ద దెబ్బ తీసేది పన్నులు, వయసు. బండి కదిలినా కదలకపోయినా ఆ దెబ్బ తప్పదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. షోరూం ధర కోటిన్నర, ఆన్‌రోడ్ కోటీ 80 లక్షలు. అపురూపంగా దాచి, నాలుగేళ్లలో 6 వేల కిలోమీటర్లు తిప్పి 90 లక్షలకు అమ్మారు. పోయింది 90 లక్షలు. ఇన్సూరెన్సు, సర్వీసు కలిపి మరో 20 లక్షలు. మొత్తం కోటీ 10 లక్షలు. కిలోమీటరుకు 1,833 రూపాయలు పడింది.

అదే బండిని 30 వేల కిలోమీటర్లు హాయిగా నడిపారనుకోండి. రేటు తగ్గి 75 లక్షలే వచ్చింది. పెట్రోలు, టైర్లకు అదనంగా 10 లక్షలు అయింది. మొత్తం ఖర్చు కోటీ 35 లక్షలు. కిలోమీటరుకు 450 రూపాయలు.

రెండు లెక్కలకూ తేడా 25 లక్షలు. దానికి ఎక్కువగా నడిపింది 24 వేల కిలోమీటర్లు. అంటే అదనంగా తిరిగిన ప్రతి కిలోమీటరుకూ పడింది 104 రూపాయలు. మొదటి ఆరు వేల కిలోమీటర్లకు ఒక్కోదానికి 1,833 పెట్టడానికి సిద్ధపడ్డ మనిషిని, 104 రూపాయల కిలోమీటర్ల దగ్గర నేను ఆపేశాను. ఇదీ నేను చేసిన పని.

ఇంకో మాట. నిలబెట్టిన బండి అలాగే ఉండిపోతుందనుకోవడమూ భ్రమే. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

పిల్లలందరికీ తెలిసిన ఒక మనిషి కథ చెబుతాను. మిస్టర్ బీన్. టీవీలో చిన్న ఆకుపచ్చ మినీ కారులో తిరుగుతాడు కదా. ఆ పాత్ర వేసిన రోవాన్ అట్కిన్సన్ సొంత కారు ఏమిటో తెలుసా? మెక్‌లారెన్ ఎఫ్‌1. గోర్డన్ ముర్రే డిజైన్ చేసిన బండి. డ్రైవరు సీటు మధ్యలో, ఇద్దరికి వెనగ్గా అటొకటి ఇటొకటి సీట్లు. అన్ని రకాలూ కలిపి తయారైనవి 106 మాత్రమే. ఆయన 1997లో కొన్నాడు. గాజు బీరువాలో పెట్టలేదు. సుమారు 66 వేల కిలోమీటర్లు నడిపాడు. రెండుసార్లు ప్రమాదం కూడా జరిగింది. 2011లో జరిగిన రెండోదానికి మరమ్మతు ఖర్చే 9 లక్షల పౌండ్లు దాటింది. అది ఇన్సూరెన్సు భరించింది. 2015లో ఆ కారు 80 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయిందని పత్రికల్లో వచ్చింది. కొన్నప్పటి ధరకు ఎన్నో రెట్లు.

అదే మోడల్ ఇంకో కారు ఉంది. మొత్తం 390 కిలోమీటర్లే తిరిగింది. 2021లో అమెరికాలో వేలంలో 2 కోట్ల డాలర్లకు పైగా పలికింది. డబ్బు ప్రకారం చూస్తే రెండోదే గెలిచింది. కానీ ప్రపంచంలోకెల్లా గొప్పగా నడుస్తుందని పేరున్న బండిని కొని, విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లి ఊళ్లో కాస్త తిరిగినంత దూరమే నడిపారన్నమాట. ఆ సంతోషాన్ని అట్టే పెట్టి మరొకరికి అమ్మారు. రీసేల్ విలువ అంటే చాలావరకు ఇదే. మనం అనుభవించకుండా మిగిల్చినదానికి తర్వాతివాళ్లు ఇచ్చే ధర.

ఈ కథ విని, "అయితే స్పోర్ట్స్ కారు కొంటే లాభమేనన్నమాట" అనుకోకండి. 106 కార్లలో ఒకటి కాబట్టి ఆ ధర. షోరూంలో వరుసగా నిలబెట్టి అమ్మే కార్లకు ఆ అదృష్టం పట్టదు. పెట్టుబడి పెట్టాలనుంటే మన బ్యాంకులోనే బోలెడు పథకాలున్నాయి.

మరి రీసేల్ గురించి అసలు ఆలోచించొద్దా? ఆలోచించాలి. అప్పు పెద్దదైతే తప్పకుండా ఆలోచించాలి. అదే కారుకు ఆన్‌రోడ్ ధరలో 90 శాతం, అంటే కోటీ 62 లక్షలు, 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోను తీసుకుంటే నెలకు వాయిదా 2 లక్షల 60 వేలు దాటుతుంది. మూడేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా ఇంకా కోటీ 5 లక్షల వరకు బాకీ ఉంటుంది. అప్పటికి ఇందాకటి పట్టిక ప్రకారం బండి విలువ 90 లక్షలు. అప్పుడు వ్యాపారం దెబ్బతిని అమ్మాల్సి వస్తే, కారు ఇచ్చేసి మరో 15 లక్షలు చేతి నుంచి కట్టాలి. అలాంటి స్థితిలో ఉన్నవాళ్లు కొనేటప్పుడే రీసేల్ చూడాలి. ఇంకా మంచిది, ఆ కారు మానుకోవడం.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను వరుస మార్చి చెబుతున్నాను. కొనకముందు, నాలుగేళ్లలో ఎంత పోతుందో లెక్క వేయండి. అది పోయినా ఇల్లు కదలదు, పిల్లల చదువు ఆగదు, నిద్ర చెడదు అనుకుంటేనే ముందుకెళ్లండి. తరుగు భారం తగ్గాలంటే మూడు, నాలుగేళ్ల పాత బండి చూడండి. పెద్ద తరుగు మొదటి యజమాని భరించేసి ఉంటాడు. సర్వీసు చరిత్ర, ఇన్సూరెన్సు క్లెయిములు, ఆర్సీలో హైపోథికేషన్ తొలగిందో లేదో పరిశీలించండి. పోర్షే 911 లాంటి కార్లు 1963 నుంచి అదే వరుసలో వస్తున్నాయి. అలాంటివి ఎప్పుడూ కోరుకునేవాళ్లుంటారు కాబట్టి కాస్త నిలబడతాయి. ఇవన్నీ కొనేముందు ఆలోచించాల్సినవి. కొన్నాక మాత్రం మీటరు కాదు, రోడ్డు చూడండి. మీకు నచ్చిన రంగు తీసుకోండి. సర్వీసు తప్పించకండి, బెల్టు పెట్టుకోండి, వేగపరిమితి దాటకండి.

ఆ ఖాతాదారుకు ఈమధ్య పండగ శుభాకాంక్షలు చెబుదామని ఫోన్ చేశాను. నడుము కొంచెం నయమైందట. "ఈసారి ఎత్తుగా ఉండే బండి చూస్తున్నా మేనేజరు గారూ. ఏ రంగు తీసుకోమంటారు?" అన్నారు. "మీ షెడ్డు గోడ మీద ఏ రంగుండేది సార్?" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒంగోలులో టిఫిన్ ఎక్కడ బాగుంటుందో కనుక్కోండి, మీరూ వద్దురుగాని" అన్నారు.

వెళ్లొచ్చాక ఎలా ఉందో వచ్చే ఏడాది సమ్మేళనంలో చెబుతాను. మా ఇంట్లో సీట్ల కవర్లు మాత్రం ఆ ఫోన్ పెట్టేసిన రోజే తీసేశాం.