2,20,000 వరకు వెతికినా ఒక్కటీ దొరకలేదు… కానీ అంతటా ఉన్నాయి!

ఇవాళ ఇంటర్వ్యూ ప్రశ్నలు లేవు, ఒక లెక్క కథ ఉంది. పక్కన ఒక పేపర్ పెట్టుకోండి.

ముందు ఒక వృత్తం గీయండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఈక్వల్స్ 1. ఇంటర్‌లో అందరం చూసిందే. దీని మీద ఎక్స్, వై రెండూ రేషనల్ నంబర్లు అయ్యే పాయింట్లు కొన్ని ఉంటాయి. తెలుగు మీడియం వాళ్లకి అకరణీయ సంఖ్యలు. 3/5, 4/5 అలాంటి పాయింటే. వీటిని రేషనల్ పాయింట్లు అంటారు. ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?

వృత్తం ఎడమ చివర నుంచి ఒక గీత గీయండి. దాని స్లోప్ రేషనల్ అయితే, గీత వృత్తాన్ని రెండోసారి తాకే చోటు కూడా రేషనల్ పాయింటే. స్లోప్‌ని కొంచెం కొంచెం మారుస్తూ పోండి. వృత్తంలో ఎంత చిన్న ముక్క తీసుకున్నా అందులో ఇలాంటి పాయింట్ ఉంటుంది. దీన్నే డెన్స్ అంటాం. దట్టంగా పరుచుకున్నాయి అన్నమాట.

ఇప్పుడు 1 బదులు 3 పెట్టండి. వృత్తం కొంచెం పెద్దదైంది, అంతే కదా? కానీ దాని మీద ఒక్క రేషనల్ పాయింట్ కూడా లేదు! ఏ వర్గాన్నైనా 3తో భాగిస్తే శేషం 0 లేదా 1 వస్తుంది, ఆ దారిలో వెళ్తే మీరే రుజువు చేయొచ్చు. అయితే మన సంఖ్యల్లోకి రూట్ 2ని కూడా రానిచ్చామనుకోండి. అప్పుడు 1, రూట్ 2 అనే పాయింట్ దొరుకుతుంది. ఒక్కటి దొరికితే చాలు, మళ్లీ అదే గీతల ట్రిక్, మళ్లీ దట్టం. ఇలా రేషనల్ నంబర్లకి రూట్ 2 లాంటివి కలిపి పెంచిన సంఖ్యల కుటుంబాన్ని నంబర్ ఫీల్డ్ అంటారు. ఏ కుటుంబంలో వెతుకుతున్నాం అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ఇక అసలు కథకి వద్దాం. 1769లో ఆయిలర్ ఒక ఊహ చెప్పాడు. దాని ప్రకారం మూడు పూర్ణసంఖ్యల పవర్ 4లు కలిపితే ఇంకో సంఖ్య పవర్ 4 రాదు. సున్నాలు పెట్టి గెలవడం కుదరదు, అది చీటింగ్. దీన్నే బొమ్మగా చూస్తే, ఎక్స్, వై, జెడ్‌ల పవర్ 4లు కలిపితే 1 అయ్యే ఉపరితలం. మూలలు గుండ్రంగా అరగదీసిన డబ్బాలా ఉంటుంది. ఆయిలర్ చెప్పింది నిజమైతే దాని మీద ఆరే రేషనల్ పాయింట్లు, ఒక్కో ముఖం మధ్యలో ఒకటి.

1967లో లాండర్, పార్కిన్, సెల్‌ఫ్రిడ్జ్ కంప్యూటర్‌తో కుడివైపు సంఖ్య 2,20,000 దాకా వెతికారు. ఏమీ దొరకలేదు. మన ఫీల్డ్‌లో అయితే ఇన్ని టెస్ట్ కేసులు పాసయ్యాక టికెట్ క్లోజ్ చేసేస్తాం.

నోమ్ ఎల్కీస్ మాత్రం గుడ్డిగా వెతకలేదు. ఆ ఉపరితలాన్ని ముక్కలుగా కోస్తే ప్రతి కోతలో ఒక వక్రం వస్తుంది. కోత సరిగ్గా ఎంచుకుంటే అది ఎలిప్టిక్ కర్వ్ అవుతుంది. దాని మీద ఉన్న పాయింట్ల మధ్య గీతలు గీస్తూ కొత్త పాయింట్లు పుట్టించవచ్చు. ఆశ లేని కోతల్ని ముందే పక్కన పెట్టి, మిగిలినవాటిలో వెతికాడు. దొరికింది! 26,82,440, 1,53,65,639, 1,87,96,760. ఈ మూడింటి పవర్ 4లు కలిపితే 2,06,15,673 పవర్ 4. తర్వాత రోజర్ ఫ్రై కంప్యూటర్‌తో అన్నిటికంటే చిన్నది పట్టుకున్నాడు: 95,800; 2,17,519; 4,14,560 కలిస్తే 4,22,481. పాత వెతుకులాట ఆగిన చోటుకి రెట్టింపు కూడా లేదు, చూడండి!

ఫోన్‌లో చెక్ చేస్తారేమో, పైథాన్ వాడండి. జావా లాంగ్‌లో ఇది పట్టదు, ఓవర్‌ఫ్లో అవుతుంది. ‘ఈక్వల్’ అనే చూపిస్తుంది గానీ అది రుజువు కాదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. 1988లో వచ్చిన అదే పేపర్‌లో ఎల్కీస్ ఈ పాయింట్లు ఆ ఉపరితలమంతా డెన్స్ అని కూడా నిరూపించాడు. ఆరే అనుకున్న చోట, గోరంత ముక్క తీసుకున్నా అందులో లెక్కలేనన్ని. ఇన్నాళ్లూ కనబడకపోవడానికి కారణం, వాటి హారాలు చాలా పెద్దవి.

అదే పవర్ 4, ఎక్స్, వై రెండే ఉంటే మాత్రం నాలుగు పాయింట్లతో సరి. అది ఫెర్మా ఎప్పుడో తేల్చేశాడు. ఒక్క జెడ్ చేరేసరికి ఇంత తేడా!

మరి మూడింటికీ పవర్ 5 పెడితే? ఎక్స్ 1 అనుకుని, వై, జెడ్ ఒకదానికొకటి మైనస్ అయితే సరిపోతుంది, కాబట్టి ఆ గీత మీద అనంతంగా పాయింట్లున్నాయి. కానీ అనంతం వేరు, డెన్స్ వేరు. బొంబియెరి, లాంగ్ ఊహ ప్రకారం ఇక్కడ రేషనల్ పాయింట్లన్నీ కొన్ని వక్రాల మీదే ఇరుక్కుని ఉండాలి, మిగతా ఉపరితలం ఖాళీ. అది ఇంకా ఎవరూ నిరూపించలేదు. కామెంట్స్‌లో మీ గెస్ రాయండి, ఖాళీనా, దట్టమా?