స్వదేశి సైకిలు

(కంకిపాడు సభలో చేసిన ఉపన్యాసము)



బెజవాడనుండి బందరునకు పోవు బాటపైనున్న యీ కంకిపాడులో సైకిలు కొనదలచిన గృహస్థులు స్వదేశిది కొనవలెనా, పరదేశిది కొనవలెనా యని మమ్మడుగుచున్నారు. స్వదేశిదే కొనుడని మా మాట. కాని కన్నులు మూసికొని కాదు.

1921లో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము 20 లక్షల రాట్నములు తిరుగవలెనని నిర్ణయించినది. మన పెద్దలు ముతక ఖద్దరును ఓర్చుకొని ధరించిరి. సైకిలు విషయమున నేడట్టి త్యాగ మక్కరలేదు. 1949లో మదరాసున టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వెలసినవి. 1986లో హీరో ప్రపంచమందెల్ల అధికముగా సైకిళ్లు చేయు సంస్థగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఒకనాడు మనకు బండ్లు పంపిన నాటింగ్‌హాములోనో, 2002లో ర్యాలీ తయారీయే నిలిచిపోయినది.

అయినను 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినముననే, సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారము మూతబడి వందలకొలది కార్మికుల జీవనము చెడినది. స్వదేశి యను పేరొక్కటే కార్మికుని కంచమున కూడు వడ్డింపదు.

న్యాయవాదులమైన మాకిది యొక ఒడంబడికగా దోచుచున్నది. కొనువారు వెల కొంచెమెక్కువైనను దేశపు సరకునే కోరవలెను; చేయువారు త్రుప్పుపట్టని చట్రమును, తెగని గొలుసును ఈయవలెను. ఒకరు తప్పినచో రెండవవారి మాటయు నిలువదు. బండిమీది పేరు మనదై, లోని గేర్లు పరదేశివి కావచ్చును. ఏ భాగ మెక్కడ చేసినదో అంగడివానిని అడుగుడు. మన వీధి మేస్త్రీ విప్పి బిగింపగల బండినే కొనుడు. అది చెడిపోయినచో కంపెనీవారికి జాబు వ్రాసి జవాబు రాబట్టుడు. స్వదేశి పరిశ్రమకు మన యభిమాన మెంత యవసరమో, ఈ నిలదీతయు నంతే యవసరము.