గేదె ఇస్తారు సరే, గడ్డి ఎవరిస్తారు?

(పాడి పశువుల రుణాలపై జరిగిన మండల సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



మన పేటలో గేదె అంటే సర్కారు లెక్కలో ఒక 'యూనిట్'. 1980 నుంచి 1999 దాకా ఐ.ఆర్.డి.పి. కింద ఊరూరా ఈ యూనిట్లు పంచారు. ఎస్సీలకి సగం సబ్సిడీ అన్నారు. తర్వాత పథకాల పేర్లు మారాయి. మనలో ఎక్కువమందికి గేదెని కట్టేసే గుంజ తప్ప సెంటు భూమి లేదన్న సంగతి మాత్రం మారలేదు.

లెక్క చూద్దాం, నేను లెక్కల మాస్టర్నే గదా! గేదెకి రోజుకి పచ్చిగడ్డి పాతిక, ముప్పై కిలోలు. వరిగడ్డి ఐదారు కిలోలు. దాణా ఒంటికి ఒక కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకీ ఇంకో కిలో. అంటే ఆరు లీటర్లిచ్చే గేదె నాలుగు కిలోల దాణా తింటది. భూమున్న ఆసామికి పచ్చిగడ్డి గట్టు మీదుంటది, వరిగడ్డి వామిలో ఉంటది. మనకి అన్నీ కొనుగోలే. కోత మిషన్లొచ్చాక కూలితో పాటు దొరికే గడ్డిమోపూ పోయింది.

గట్టు గడ్డి ఊరికే రాదు. మా అమ్మ ఒక మోపు కోసుకుంటే ఆసామి కొట్టం ఊడ్చి బదులు తీర్చేది. ఆ చాకిరీకి ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ కాలమ్ లేదు. ఎదురు మాట్లాడామా, ముందు మూసేది ఆ గట్టే. కారంచేడులో 1985లో మాదిగలు తాగే చెరువు దగ్గర గేదె కుడితి బకెట్టు కడగొద్దన్న దగ్గరే గొడవ మొదలైంది. ఆరుగుర్ని చంపారు.

ఇక పాలు. కేంద్రంలో వెన్న శాతం చూసి రేటు కడతారు. మేత తగ్గితే పాలూ తగ్గుతయి, ఎస్.ఎన్.ఎఫ్. కూడా పడిపోద్ది. (మన చేతి పాలు వద్దన్న ఇల్లే డైరీ ప్యాకెట్టు కొంటది. ట్యాంకర్లో కులం కనపడదు మరి!)

గేదె పాలిచ్చేది పది నెలలు. ఈతకీ ఈతకీ మధ్య పదిహేను నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒట్టిపోయిన ఐదు నెలలూ మేత ఆగదు, బ్యాంకు వాయిదా ఆగదు. అప్పుడు అయినకాడికి అమ్ముకుంటాం. గేదె పోతుంది, అప్పు మిగులుద్ది. చచ్చిపోతే బీమా ఉందంటారు, చెవికి ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదంటారు.

కాబట్టి రేపు ఆఫీసరు ఫారాలు తెస్తే మూడు మాటలు అడగండి. రెండు గేదెలూ ఒకేసారి కాకుండా ఆరు నెలల తేడాతో ఇస్తారా? ఒట్టిపోయిన నెలల్లో వాయిదా ఆపుతారా? నీళ్ళున్న ఎకరం నాలుగైదు గేదెలకి పచ్చిమేత ఇస్తది, ఊళ్ళో ప్రభుత్వ భూమిలోంచి ఆ ఎకరం మన ఆడవాళ్ళ పేరు మీద రాస్తారా? జవాబు కాగితం మీద తీసుకున్నాకే వేలిముద్ర.