పుట్టగొడుగులూ, ఇరుళర్లూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)

వేపపువ్వు తిన్న నోటితో పుట్టగొడుగుల ఊసెందుకని కొందరికి తోచవచ్చు. మన బాగలూరు వైపు రాగిముద్ద తినేవారికి మాత్రం ఆ సందేహం రాదు.

తమిళులు కాళాన్ అంటారు. కన్నడిగులు అణబె అంటారు. ఆ మాటల్లో పుట్ట ప్రసక్తి లేదు, మన మాటలో వుంది. యిది వట్టి అలంకారం కాదు. చెదపురుగులు పుట్టలో ఆకూ పుల్లా నమిలి, తేనెపట్టువంటి గూడు కట్టి, దానిమీద ఒక బూజును పెంచుతాయి. ఆ బూజు అరిగించి యిచ్చినదే వాటి ఆహారం. వానలు పడ్డాక ఆ బూజే వేరువంటి పొడుగాటి కాడ చాచి, నేలను చీల్చుకొని గొడుగు విప్పుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హీమ్ 1942లో యీ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదల బూజు అని అర్థం. మన పల్లెటూళ్లవారు ఆ పేరు ఏనాడో పెట్టి ఊరుకున్నారు!

దెంకణికోట, అంచెట్టి అడవుల పక్కన వుండే ఇరుళర్లకు పుట్ట ఒక పొలమనే చెప్పాలి. తొలకరికి ఎగిరే ఉసిళ్లను పట్టి వేయించుకుంటారు. తరువాత గొడుగులు ఏరుకుంటారు. పాములను పట్టడంలోనూ వారిదే పేరు. 1978లో చెన్నపట్నం దగ్గర వడనెమ్మేలిలో ఏర్పడిన ఇరుళర్ల సహకార సంఘం పాముకాటు మందుకు విషం సేకరించి యిచ్చింది. మధ్యప్రదేశ్‌లో బైగాలు, బంతివలె మొలిచే మరొక రకాన్ని ఎండబెట్టి, ఆ పొడిని పుండ్లకు మందుగా వాడతారట.

పుట్టలో చెదలు బ్రతికివున్నంతకాలం ఏటేటా అక్కడే మొలుస్తాయి. గూడు తవ్వితే అంతే సంగతులు. డబ్బాల్లో అమ్మే తెల్లనివి వేరే జాతి. వీటిని లాభసాటిగా పండించడం ఎవరికీ సాధ్యపడలేదు. నాగులచవితికి పాలుపోసే మనమే, యింటిస్థలాలు వేసేటప్పుడు ముందుగా చదును చేసేది ఆ పుట్టనే.

యిక స్త్రీలు ముఖ్యంగా వినవలసిన మాట. వెండినాణెం నల్లబడలేదనీ, పురుగు కొరికింది గనుక మంచిదేననీ నమ్మి వండవద్దు. కొన్నిటి విషం ఎంత ఉడికించినా పోదు. ఏటేటా ఏరే ముసలమ్మ చూచి సరే అన్నదే తినండి. ఆమె అడిగిన ధర బేరమాడకుండా యివ్వండి. తిన్న ఆరేడు గంటల తరువాత వాంతులూ విరేచనాలూ మొదలైతే, మరునాటికి తగ్గినట్టు కనబడినా ఊరుకోకండి. లోపల కాలేయం చెడుతూ వుండవచ్చు. మిగిలిన కూరనూ, ఏరిన గొడుగునూ వెంటబెట్టుకొని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.