వాయించడం వేరు, నేర్పడం వేరు



ఇంజనీరింగు, కామర్సు పిల్లలతోపాటు ఈసారి మృదంగం నేర్చుకుంటున్న అబ్బాయి కూడా స్కాలర్‌షిప్పు అందుకున్నాడు. చాలా సంతోషం. అతనికి రెండు మాటలు చెబుతాను.

చిన్నప్పుడు నేనూ మృదంగం ముందు కూర్చున్నాను. మా మాస్టారు అద్భుతంగా వాయించేవారు. నాకు రాకపోతే మళ్ళీ అదే వేగంతో వాయించి చూపేవారు. నాకు చెయ్యి తిరగదనుకుని ఆరు నెలలకే మానేశాను.

మన మద్రాసులో మ్యూజిక్ అకాడమీ 1931లోనే సంగీత ఉపాధ్యాయుల కళాశాల ప్రారంభించింది. విద్య రావడం వేరు, నేర్పడం వేరని పెద్దలు అప్పుడే గుర్తించారు.

మృదంగం నేర్పేవారు ముందు పిల్లల చేత ఆదితాళం ఎనిమిది అక్షరాలూ చేత్తో వేయించాలి. త, ధి, తొం, నం నోటితో చెప్పించాలి. నోటికి వచ్చాకే చేతికి. మొదటి కాలం కుదిరాకే రెండో కాలం. ఎడమచేతి వాటం పిల్లవాణ్ణి కసరకూడదు. మృదంగం తిప్పి పెడితే చాలు. మహావిద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారిదీ ఎడమచేతి వాటమే.

ఆడపిల్లకు మృదంగమేమిటనే తల్లిదండ్రులకు ఒక్క మాట: దండమూడి సుమతీ రామమోహనరావుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది మృదంగానికే.

బాబూ, ఇవాళే ఒక నోటుబుక్కు పెట్టుకో. నీకు కష్టమైన పాఠమేది, మీ గురువుగారు దాన్ని ఎలా విడదీసి చెప్పారు, తేదీ వేసి రాసుకో. బ్యాంకులో లెడ్జర్లు రాసినవాణ్ణి, రాసిందే నిలుస్తుందని నాకు తెలుసు. రేపు నీ దగ్గరకు నాలాంటి పిల్లవాడు వస్తే, ఆరు నెలలకు మానేయకూడదు.

సెలవు.